పద్దు నేర్పని సినిమా చదువు

సినిమా నిర్మాణం యూనివర్సిటీలో చదవదగ్గ విషయమా, కాదా అన్న తగువు ఈ మధ్య మన తెలుగు సంఘాల్లో తరచు వినిపిస్తోంది. వద్దనే పెద్దలు ఒకవైపు, కావాలనే పిల్లలు ఒకవైపు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. "అదీ ఒక చదువేనా?" అని పెద్దలు కొట్టిపారేస్తున్నారు. "సినిమా కదా!" అని పిల్లలు ఎగబడుతున్నారు. మధ్యలో 'నిర్మాణం' అనే మాట ఒకటుందని ఇద్దరికీ పట్టలేదు. ఫీజు కట్టించుకునే కాలేజీలకు అంతకన్నా పట్టలేదు.

నేను రచయితను కాను. హోసూరులో పుట్టి, బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అప్పులిచ్చే బల్ల దగ్గర కూచున్నవాణ్ణి. ఆ ముప్పైలో నాలుగేళ్ళు మద్రాసులో, వడపళని దగ్గరి ఒక శాఖలో గడిచాయి. సినిమా గురించి నాకు తెలిసిందల్లా అప్పు కాగితాల వెనకనుంచి కనిపించినంత మేరే. అటువైపునుంచి చూసినవాళ్ళెవరూ ఈ తగువులో నోరు విప్పడం లేదు గనక నేను విప్పుతున్నాను.

ముందు పెద్దల సంగతి. ఉగాదికి సినిమా నటుణ్ణి పిలిస్తే తప్ప హాలు నిండదని మనందరికీ తెలుసు. ఆయన విమానం టిక్కెట్టుకీ, హోటలు గదికీ ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేస్తాం. పిల్లల చేత సినిమా పాటలకు నాట్యం చేయిస్తాం. మన పిల్లల నోట ఇంకా నాలుగు తెలుగు ముక్కలు పలుకుతున్నాయంటే అందులో సగం పుణ్యం సినిమాదేనని వేదికెక్కి ఒప్పుకుంటాం కూడా. అదే పిల్లల్లో ఒకరు మర్నాడు "నేను సినిమా చదువుతాను" అంటే ఇంటిమీద పిడుగు పడ్డట్టే. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకనివాడిది దురదృష్టం, సినిమా చదివి దొరకనివాడిది దురభ్యాసం!

పెద్దలకు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. తెలుగువాడు సినిమాను చదువుకోకుండా మొదలుపెట్టలేదు. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా పేరు తెచ్చుకుని గెయిటీ థియేటరు కట్టించిన రఘుపతి వెంకయ్య నాయుడు, తన కొడుకు ప్రకాశ్‌ను ఇంగ్లండు పంపించి సినిమా పని నేర్పించాడు. ఆ కొడుకు తిరిగి వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. నేర్చుకుని చెయ్యవలసిన పని ఇది అని వందేళ్ళ కిందట ఒక తెలుగు తండ్రికి తోచింది. ఇవాళ మనకు తోచకపోవడమే వింత.

వెంటనే ఎల్.వి. ప్రసాద్ పేరు చెబుతారని నాకు తెలుసు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి పారిపోయి, దొరికిన పనల్లా చేసి, 1931లో 'ఆలం ఆరా'లో చిన్న వేషం వేసి, ఆ తరవాత 'కాళిదాస్'లోనూ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లోనూ కనబడి, చివరకు స్టూడియోలూ ల్యాబూ కట్టి, 1982కి ఫాల్కే పురస్కారం అందుకున్న మనిషి. ఆయన ఏ యూనివర్సిటీలో చదివాడు అని అడుగుతారు. ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. ఆ రోజుల్లో స్టూడియోయే బడి. కుర్రవాడిగా గేటులోపలికి అడుగుపెట్టినవాడు ఒక శాఖలో చేరి పక్క శాఖ పని కూడా కళ్ళతో నేర్చుకునేవాడు. జీతం నెలకింత అని ఉండేది. తప్పుచేస్తే తిట్టి దిద్దడానికి పైన ఒకడుండేవాడు.

ఆ బడి మూతపడింది. పుణేలో ప్రభాత్ కంపెనీ 1953లో మూతపడితే, అదే నేలమీద 1960లో ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. స్టూడియో పోయిన చోట తరగతిగది రావలసి వచ్చిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మద్రాసులో వాహినీ స్టూడియో ఉన్న నేలమీద ఇవాళ ఆస్పత్రీ, షాపింగు మాలూ ఉన్నాయి. 'ప్రసాద్‌గారిలాగా పనిలో పడి నేర్చుకో' అని మనవణ్ణి పంపించాలంటే ఎక్కడికి పంపిస్తారు? మాల్‌కా?

అంచేత సినిమా చదువు అవసరమే. ఇంతవరకూ నేను పిల్లల పక్షం. ఇక్కణ్ణుంచి కాలేజీల మీద ఫిర్యాదు.

నిర్మాత అంటే ఎవరో మన కాపీరైటు చట్టంలో రాసి ఉంది. చట్టం 1957 నాటిది. 1994 సవరణలో ఈ అర్థం చేర్చారు. కృతిని తయారుచెయ్యడానికి చొరవనూ బాధ్యతనూ తీసుకునే వ్యక్తి నిర్మాత. డబ్బున్నవాడని చట్టం అనలేదు. చొరవ, బాధ్యత అని రెండే మాటలు. నాకు ఈ రెండు మాటలూ ఎంతో నచ్చాయి. బ్యాంకులో అప్పు అడగడానికి వచ్చే ప్రతి మనిషిలోనూ మేం వెతికేది ఈ రెండే.

ఇప్పుడు మన దేశంలో సినిమా చదువు చెప్పే చోట్లు ఈ రెండింటిలో దేన్ని నేర్పుతున్నాయో చూడండి. మద్రాసు తరమణిలోని ప్రభుత్వ సంస్థలో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, ఎడిటింగు, దర్శకత్వం, డిజిటల్ ఇంటర్మీడియట్, యానిమేషన్ విడివిడి కోర్సులుగా ఉన్నాయి. పుణేలో దర్శకత్వం, కెమెరా, శబ్దం, ఎడిటింగు, కళాదర్శకత్వం, నటన, స్క్రీన్‌ప్లే ఉన్నాయి. నిర్మాణాన్ని ఒక పూర్తి చదువుగా, మూడేళ్ళ కోర్సుగా నేర్పుతున్నది కలకత్తాలో 1995లో వచ్చిన సత్యజిత్ రాయ్ సంస్థ. అక్కడ చేరడానికి ఏ డిగ్రీ అయినా చాలు. బి.కాం. కూడా చాలు! మన సంఘాల్లో ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? బరంపురం తెలుగువారికి కలకత్తా ఒక రాత్రి రైలు ప్రయాణం. ఒక్క ఇంటినుంచయినా అక్కడికి దరఖాస్తు వెళ్ళినట్టు నేనింతవరకు వినలేదు.

ఇవి కాక, ఊరూరా వెలిసిన ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి. వాటి బ్రోచర్లలో 'ఫిల్మ్ ప్రొడక్షన్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపల చూస్తే ఉన్నది కెమెరా. పేరు నిర్మాణానిది, పాఠం చిత్రీకరణది. దీన్ని మా భాషలో సరుకు ఒకటి, బిల్లు ఒకటి అంటారు.

కళ్ళారా చూసిందొకటి చెబుతాను. 2022లో ఒక కాస్ట్యూమర్ తన కూతురి చదువుకి అప్పుకోసం మా శాఖకి వచ్చాడు. తండ్రి కాలంలో కాకినాడ వైపునుంచి మద్రాసు చేరి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. పిల్లకి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో 'ఫిల్మ్ ప్రొడక్షన్' డిగ్రీలో సీటు వచ్చింది. మూడేళ్ళకీ ఫీజు, హాస్టలు కలిపి పన్నెండు లక్షలు. చదువు అప్పుల నియమం ప్రకారం నాలుగు లక్షల దాకా హామీ అడగం. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. ఆయన సొంతవూళ్ళో ఉన్న ఇంటి దస్తావేజులు సంచీలో పెట్టుకొచ్చాడు.

సిలబస్ చూపించమన్నాను. మూడేళ్ళలో కెమెరా ఉంది, లైటింగు ఉంది, ఫ్రెంచి సినిమా ఉంది, ఇటలీ సినిమా ఉంది. బడ్జెటు, షెడ్యూలు, ఒప్పందాలు, ఈ మూడింటికీ కలిపి చివరి సెమిస్టరులో ఒకే ఒక పేపరు. అదీ ఇష్టముంటే తీసుకోవచ్చు, లేకపోతే మానెయ్యవచ్చు.

"ఏమ్మా, ఒక రోజు షూటింగుకి ఎంతవుతుందో కాగితం మీద వెయ్యగలవా?" అన్నాను.

"అది ప్రొడ్యూసర్ చూసుకుంటారు కదా, అంకుల్?"

"నువ్వు చదవబోయేది అదే కదమ్మా!"

పిల్ల నవ్వేసింది. తండ్రి నవ్వలేదు. చొక్కా జేబులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి నా బల్లమీద పెట్టాడు. సినిమా పేరు, పనిచేసిన రోజులు, బేటా, బట్ట కొన్న బిల్లు, కుట్టుకూలి, వచ్చింది, రావలసింది, అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. రావలసినవి ఎర్ర సిరాతో ఉన్నాయి. "సార్, ఇందులో మూడు సినిమాలు రిలీజయ్యాయి, రెండు ఆగిపోయాయి. రిలీజైనవాళ్ళూ ఇవ్వలేదు, ఆగిపోయినవాళ్ళూ ఇవ్వలేదు. వాళ్ళు మోసగాళ్ళు కారండీ. వాళ్ళకి లెక్క తెలీదు, అంతే," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో సినిమా పరిశ్రమ మీద ఇంత న్యాయమైన తీర్పు నేను వినలేదు. ఆ నోటుబుక్కు ఆ యూనివర్సిటీలో పాఠ్యపుస్తకం కావలసింది. అప్పు మంజూరైంది; కాదనడానికి నియమాల్లో కారణం ఏదీ లేదు. ఆ ఇల్లు ఇంకా తనఖాలోనే ఉంది.

షూటింగులో 'ప్రొడక్షన్ వాళ్ళు' అంటే ఎవరో తెలుసా? టీ, టిఫిను, భోజనం అందించేవాళ్ళు. ఈ మాట విని కాలేజీ పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిన పని లేదు. నూటయాభైమంది ఉన్న యూనిట్‌కి వేళకు అన్నం పెట్టాలంటే రేపు ఎక్కడ షూటింగో, ఎంతమంది వస్తారో, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో ఇవాళే తెలియాలి. అది తెలిసినవాడికి సగం నిర్మాణం తెలిసినట్టే. ఆ మిగతా సగం తెలియక సినిమాలు ఆగిపోతున్నాయి.

సినిమా ఆగడం అంటే ఏమిటో అంకెల్లో చూద్దాం. ఒక నిర్మాత కోటి రూపాయలు నూటికి మూడు వడ్డీకి బయట తెచ్చాడనుకోండి. మనవాళ్ళకి నూటికి మూడు అంటే చిన్నగా వినిపిస్తుంది, అది నెలకు గనక. ఏడాదికి ముప్పై ఆరు శాతం. కథ సెట్‌లో రాసుకుందాం అనుకోవడం వల్లనో, నటుడితో తేదీలు కాగితం మీద పెట్టుకోకపోవడం వల్లనో విడుదల ఆరు నెలలు ఆలస్యమైంది. ఆ ఆరు నెలలకే పద్దెనిమిది లక్షలు వడ్డీ. అదే డబ్బు బ్యాంకులో ఏడాదికి పన్నెండు శాతం మీద దొరికి ఉంటే ఆరు లక్షలు. తేడా పన్నెండు లక్షలు. ఆ కాస్ట్యూమర్ కూతురి మూడేళ్ళ చదువు ఖరీదు సరిగ్గా అంతే! ఈ తేడా ఎవరి జేబులోంచి పోతుంది? నటుడి జేబులోంచి పోదు. అడ్వాన్సు ముందే తీసుకున్నాడు. ఎర్ర సిరాతో రాసుకున్నవాడి జేబులోంచి పోతుంది.

మరి బ్యాంకుకు రావచ్చు కదా? రావచ్చు. 1998లో కేంద్ర ప్రభుత్వం సినిమాకు పరిశ్రమ హోదా ఇస్తున్నట్టు ప్రకటించింది. 2000లో ఆ మేరకు ఉత్తర్వులు వచ్చి, సంస్థాగతమైన అప్పులకు దారి తెరుచుకుంది. పాతికేళ్ళు గడిచాయి. చిన్న నిర్మాత ఇవాళ్టికీ ఆ గుమ్మం తొక్కడం లేదు. బ్యాంకులకు కళ తెలియదని ఆయన ఫిర్యాదు. నిజమే, తెలియదు. కథ బాగుందా అని మేం అడగం. కథమీద హక్కు మీదేనా, ఆ కాగితం ఏది అని అడుగుతాం. నటులతో, సాంకేతికులతో ఒప్పందాలేవి? రోజువారీ షెడ్యూలేది? బీమా చేశారా? మధ్యలో ఆగిపోతే పూర్తిచేసే హామీ ఎవరిది? వచ్చే రాబడి ముందుగా ఏ ఖాతాలో జమపడుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు రాసి తెచ్చేవాడే నిర్మాణం చదివినవాడు. పట్టా ఉండీ వీటికి నీళ్ళు నమిలేవాడు చదివిందేమిటో నాకు తెలియదు.

నెగిటివ్ ఉన్న రోజుల్లో అప్పిచ్చినవాడి ధీమా 'ల్యాబ్ లెటర్'. బాకీ తీరేదాకా ప్రింట్లు బయటికి వదలమని ల్యాబు రాసిచ్చే కాగితం అది. ఇప్పుడు నెగిటివ్ పోయింది, ల్యాబులు పోయాయి. సినిమా ఒక హార్డ్‌డిస్కులో ఉంటుంది, థియేటరుకు తాళంచెవి కూడా కంప్యూటరు ద్వారానే వెళుతుంది. ఆనాటి కాగితం పని ఈనాడు ఏ కాగితం చెయ్యాలి? ఓటీటీ వాళ్ళకి హక్కులు ఎన్నేళ్ళకు, ఏ భాషలకు, ఏ దేశాలకు రాసివ్వాలి? 2012 సవరణ తరవాత పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో వదులుకోరాని వాటా ఏర్పడింది. దాన్ని ఒప్పందంలో ఎలా రాయాలి? సినీ కార్మికులతో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలని 1981 చట్టం చెప్పింది. దాన్ని కలుపుకున్న 2020 నాటి కార్మిక కోడ్ కూడా చెబుతోంది. ఆ కాస్ట్యూమర్ జేబులో నోటుబుక్కు ఉంది గానీ ఒక్క ఒప్పంద పత్రం లేదు. ఇవన్నీ యూనివర్సిటీ తరగతిలో నేర్పదగ్గ విషయాలే. కొంత లా, కొంత కామర్స్, కొంత కార్మికశాస్త్రం. నేర్పడం కష్టం కాదు. అద్దె కెమెరా ఒకటి తెచ్చి బ్రోచరుకి ఫొటో తీయించినంత అందంగా ఉండదు, అంతే.

ఇక్కడ కళాకారులు అభ్యంతరం చెబుతారు. పద్దు నేర్పితే కళ చచ్చిపోతుందట. వారికి నేను కె.వి. రెడ్డిగారిని చూపిస్తాను. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన కె.వి. రెడ్డి సినిమాల్లోకి వచ్చింది క్యాషియరుగా. రోహిణీ వారి 'గృహలక్ష్మి' నాటికి ఆయన డబ్బు లెక్కలు చూసే మనిషి. తరవాత వాహినీలో ప్రొడక్షన్ మేనేజరు. ఆ పిమ్మట 'భక్త పోతన'తో దర్శకుడయ్యాడు. స్క్రిప్టు కాగితం మీద పూర్తిగా తేలితేగాని సెట్‌కి వెళ్ళని మనిషని ఆయనకు పేరు. ఘటోత్కచుడు లడ్డూలు మింగే దృశ్యంలో ఏ కళ చచ్చిపోయిందో కాస్త చెప్పండి. చిట్టా, ఆవర్జా రాసిన చేత్తోనే మాయ చెయ్యవచ్చునని తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా రుజువు చెయ్యనక్కర్లేదు.

లెక్క లేకపోతే చదువుకే ఏమవుతుందో పుణే చూపించింది. 2008లో చేరిన విద్యార్థుల డిప్లొమా చిత్రాలు కొన్ని 2015 ఆగస్టుకి కూడా పూర్తికాలేదు. పూర్తికానివాటిని ఉన్నవున్నట్టుగా మూల్యాంకనం చేస్తామని సంస్థ అనడం, విద్యార్థులు డైరెక్టరును నిలదీయడం, అర్ధరాత్రి పోలీసులు వచ్చి అరెస్టులు చెయ్యడం, అన్నీ పత్రికల్లో వచ్చాయి. ఆ ఏడాది అక్కడ సమ్మె 139 రోజులు సాగింది. సమ్మెకు అసలు కారణం వేరు, అందులో ఎవరి న్యాయం ఎంతో చెప్పడానికి ఇది చోటు కాదు. నేను చూసింది ఒకటే. మూడేళ్ళ చదువు ఏడేళ్ళయింది. సినిమా నేర్పే చోటే సినిమాలు వేళకు పూర్తి కాలేదు. చదువు అప్పుమీద, చదువు కాలమూ ఆ పైన ఒక ఏడాదీ వాయిదాలు అడగం. వడ్డీ మాత్రం ఆగదు. మాటవరసకి ఏడున్నర లక్షల అప్పు పది శాతం మీద ఉంటే, నాలుగేళ్ళ ఆలస్యానికి మూడు లక్షలు. పేదింటి పిల్లవాడు అక్కడే చదువు వదిలేస్తాడు. ఆలస్యాన్ని భరించగలిగేది ఉన్నవాళ్ళే గనక, చివరకు సినిమా కూడా ఉన్నవాళ్ళదే అవుతుంది.

మరో అభ్యంతరం ఉంది. అస్సాంలో రీమా దాస్ ఏ సినిమా బడిలోనూ చదవకుండా, తన ఊళ్ళో, తానే రాసి, తానే తీసి, తానే ఎడిట్ చేసి, తానే నిర్మించి 'విలేజ్ రాక్‌స్టార్స్' చేసింది. 2017 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం తెచ్చుకుంది. మరి చదువెందుకు అని. ఆమె పనికి నమస్కారం. అయితే ఆ ఉదాహరణ నా పక్షానిదే. తన దగ్గరున్నదెంతో, దానితో ఎన్ని రోజులు తియ్యగలదో తెలిసి మొదలుపెట్టిన మనిషి ఆమె. చొరవా ఆమెదే, బాధ్యతా ఆమెదే. అందరికీ ఆ రెండూ పుట్టుకతో రావు. రానివాళ్ళకోసమే బడులున్నాయి. ఏకలవ్యుడున్నాడని ద్రోణుడి జీతం ఆపేస్తామా?

ఇక మన సంగతి. ఈ తగువు హైదరాబాదు వాళ్ళకన్నా మనకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. తెలుగు సినిమా వ్యాపారంలో మనకో పేరుంది. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలు చెప్పుకొచ్చి, చివర్న కర్ణాటక, తమిళనాడు, 'రెస్టాఫ్ ఇండియా' అంటారు. అంటే మనం మిగతా. 1800లో నిజాం కంపెనీవారికి ధారపోసిన జిల్లాల పేరు సీడెడ్‌గా ఇవాళ్టికీ వ్యాపారంలో బతికుంది. అదే ఏర్పాటులో ఉన్న బళ్ళారి తెలుగు మాత్రం ఏ తెరమీదా బతికి లేదు. వసూళ్ళ పట్టికలో మనకు ఒక గడి ఉంది. కథల్లో లేదు. మా హోసూరు తెలుగు సినిమాలో వినబడితే హాస్యానికే. షోలాపూరు మగ్గాల దగ్గరి పద్మశాలీ ఇళ్ళు, బొంబాయిలో కామాఠీల పేరుమీద వెలిసిన పేటలో వాళ్ళు బతికిన బతుకు, శారదా చట్టానికి భయపడి పెళ్ళిళ్ళు చెయ్యడానికి ఫ్రెంచి యానాం పరిగెత్తిన నాటి గోదావరి కుటుంబాలు, బరంపురం తెలుగిళ్ళు. వీటిలో ఒక్కొక్కటీ ఒక సినిమా. హైదరాబాదు తియ్యదు. తియ్యలేదని నిందించడం కూడా దండగ. వాళ్ళ లెక్కలో ఆ కథకు బయ్యరు లేడు.

కర్ణాటక తీరంలో తుళువాళ్ళను చూడండి. వాళ్ళకో రాష్ట్రం లేదు. 1971 నుంచి సినిమాలు తీస్తున్నారు. అదే తీరంలో బ్యారీ మాట్లాడేవాళ్ళు మనకన్నా ఎంత తక్కువమందో! 2011 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారాన్ని మరాఠీ 'దేవూళ్'తో కలిసి 'బ్యారీ' అనే సినిమా పంచుకుంది. వాళ్ళ దగ్గర ఉన్నదీ మన దగ్గర లేనిదీ ప్రతిభ కాదు. తక్కువ డబ్బుతో ఎక్కువ కాలం ఆగకుండా పనిచేసే నేర్పు. కెమెరా తెలిసిన పిల్లలు మనలో కావలసినంతమంది ఉన్నారు. ప్రతి పెళ్ళిలోనూ కనిపిస్తారు. పదిహేను రోజుల్లో, ఇంత డబ్బుతో, ఎవరి కూలీ ఎగ్గొట్టకుండా ఒక సినిమా పూర్తిచేసి, దాని హక్కులు జాగ్రత్తగా అమ్మి, వచ్చిన డబ్బుతో రెండోది మొదలుపెట్టగల మనిషి మనలో లేడు. ఆ మనిషిని తయారుచేసే చదువు కావాలని నా వాదన.

దానికి ఇది మంచి అదను కూడా. 2025లో పుణే, కలకత్తా సంస్థలు రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. యూనివర్సిటీ అన్న తరవాత పక్కింటి శాస్త్రాలతో రాకపోకలుండాలి. కామర్స్ అధ్యాపకుడు సినిమా విద్యార్థికి పద్దు నేర్పాలి, లా అధ్యాపకుడు ఒప్పందం నేర్పాలి. అటునుంచి బి.కాం. పిల్లలకు సినిమా నిర్మాణం ఒక పేపరుగా ఉండాలి. అలా జరగకపోతే మారింది బోర్డు మీద పేరే.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటి. ఫీజు కట్టేముందు కాలేజీ వాళ్ళని నాలుగు ప్రశ్నలు అడగండి. నిర్మాణం నేర్పే అధ్యాపకుడు తానెప్పుడైనా ఒక సినిమాను ఆది నుంచి విడుదల దాకా నడిపించాడా? విద్యార్థి చేసే చిత్రానికి బడ్జెటు, ఖర్చు లెక్కలకు మార్కులున్నాయా? ఒప్పందాలు, కాపీరైటు తప్పనిసరి పేపర్లేనా? కిందటి మూడు బ్యాచ్‌లలో ఎంతమంది వేళకు చదువు పూర్తిచేశారు? వీటికి సూటిగా జవాబు చెప్పని చోటికి ఇంటి దస్తావేజులు తీసుకుపోకండి. చెప్పిన చోటయితే, సినిమా అన్న మాటకు భయపడి పిల్లని ఆపకండి.

సంఘాల వాళ్ళకు మరొకటి. వచ్చే ఉగాదికి ఒక్క విమానం టిక్కెట్టు మానుకుని ఆ డబ్బు పక్కన పెట్టండి. నాలుగైదు సంఘాలు కలిస్తే ఏటా ఒక పిల్లకో పిల్లవాడికో నిర్మాణం చదివించవచ్చు. షరతు ఒకటే ఉండాలి: తిరిగి వచ్చాక మన ఊళ్ళలో, మన తెలుగులో ఒక చిన్న సినిమా తియ్యాలి, దాని లెక్కలు సంఘం ముందు పెట్టాలి. సినిమా బాగుండకపోయినా ఫరవాలేదు, పద్దు సరిపోవాలి. రెండోది బాగుంటుంది.

నాకు రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకు సెలవు. ఏ సంఘమైనా పదిమంది పిల్లల్ని పోగుచేసి కబురు పెడితే, ఒక రోజు షూటింగుకి బడ్జెటు ఎలా వెయ్యాలో, వడ్డీ ఎలా కట్టాలో, ఎవరి కూలీ ముందు ఇవ్వాలో నేనే వచ్చి నేర్పుతాను. నాకు రెండో తరగతి రైలు టిక్కెట్టు చాలు.